రెండు ఏకాదశులు

పొయ్యి చల్లగా ఉంది. నేలలో నాలుగు మూరల పొడవున తవ్వి ఇరుపక్కలా నల్లరాళ్ళు పేర్చిన గాడిపొయ్యి, రెండు నెలలుగా ఈ వేళకు దీని ముందు నిలబడితే మొహం మాడిపోయేది, ఇవాళ దాని అంచునే కూర్చుని ఉన్నాను, బూడిదలో చెయ్యి పెట్టినా ఏమీ కాదు. రాగి గుండిగ బోర్లించి ఉంది. గోధుమ నూకల బస్తాలు మూడు మూతులు విప్పి ఉన్నాయి, పత్తికట్టె మోపులు మోపులుగా పడి ఉంది, గోలెం నిండా నీళ్ళున్నాయి. అగ్గిపెట్టె నా బొడ్లో ఉంది. లేచి ఒక్క పుల్ల గీస్తే గంటలోపల గంజి దిగుతుంది, సున్నపు గీతకు అవతల నేల మీద కూర్చున్న రెండు వందల చిల్లర మంది తాగుతారు. మొన్న పొద్దున తాగారు వీళ్ళు, మళ్ళీ ఇంతవరకు లేదు. నేను మాత్రం లేవడం లేదు. ఇవాళ ఏకాదశి.

నా ఏకాదశి. నిన్నటిది సావుకారు ఏకాదశి. ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెదొక దారి అని మా తమ్ముడు శ్రీపాదరావు మా మీదే సామెత వేసి నవ్వేవాడు, ఎమ్మిగనూరు బళ్ళో లెక్కలు చెప్పే మనిషి, పంచాంగం ముందేసుకుని వేళ్ళ మీద ఘడియలు ఎంచి, అక్కా, ఈసారి లోకానికి ముందురోజు, మనకు మరునాడు అనేవాడు. తెల్లవారుజామున దశమి రవ్వంత మిగిలి ఉన్నా ఆ రోజు ఉపవాసం మాకు పనికిరాదు, మరునాటికి జరుపుకోవాలి, మంత్రాలయం మఠం పంచాంగం అట్లా చెబుతుంది, మఠంలో గంధం తీసి బతికిన మనిషి మా తాత, మేము అట్లాగే నడుచుకుంటాం. సావుకారు పాండురంగయ్య బజారు పంచాంగం చూసుకుంటాడు. ఏడాదికి ఏ రెండుమూడు సార్లో వచ్చే తేడా ఇది. ఈ గంజి కేంద్రం పెట్టిన తర్వాత నాలుగు ఏకాదశులు వెళ్ళాయి, ఒక్కదానికీ తేడా రాలేదు, అందుకే ఇద్దరికీ ఆ ఆలోచనే లేదు. ఏకాదశి నాడు పొయ్యి వెలిగించను అని మొదటి రోజే చెప్పాను, ఆయన సరేనమ్మా అన్నాడు, అప్పటినుంచి ముందురోజు సాయంత్రం ఇంకొక వంట వండి, గట్టి ముద్దలు చేసి, మనిషికి ఒకటి మరునాటికి ఇచ్చేదాన్ని. ఈసారి నా లెక్కకు ముద్దల రోజు నిన్న. ఆయన లెక్కకు నిన్న ఏకాదశి. మొన్న సాయంత్రమే నేను ముద్దలు పంచి ఉంటానని ఆయన అనుకున్నాడు, నా మడి మీద గౌరవంతోనే గోదాము తెరవలేదు, తాళంచెవి మొలకు కట్టుకుని పొరుగూరి గుడికి దర్శనానికి పోయాడు. ఇద్దరం భక్తులమే. ఇద్దరం కలిసి రెండు వందల మందికి రెండు రోజులు పొయ్యి ఆర్పేశాం.

నిన్న నేను వచ్చాను. వచ్చాను కదా, రాలేదని ఎవరూ అనలేరు. కమిటీ వాళ్ళు నాకు ఇప్పించిన ఇంట్లో స్నానం చేసి తడిబట్ట కట్టుకుని రైలు గేటు దాటి ఈ జిన్నింగు ఫ్యాక్టరీకి వచ్చేసరికి గోదాముకు తాళం. కావలి గిడ్డయ్య గోడ నీడన బీడీ తాగుతూ, ఏకాదశి గదమ్మా, నువ్వేల వచ్చినావు అన్నాడు. నాకు నవ్వొచ్చింది. దశమిని పట్టుకుని ఏకాదశి అంటాడా పాండురంగయ్య, ఇన్నేళ్ళు మఠానికి నెయ్యి డబ్బాలు పంపిన మనిషికి ఇంత మాత్రం తెలియదా అని, పక్కన ఎవరూ లేకపోయినా పైకే నవ్వాను. గిడ్డయ్య పాపం లేచి నిలబడి, ఇంకొక తాళంచెవి సావుకారు ఇంట్లో ఉంటుందని, పోయి తెమ్మంటే తెస్తానని అన్నాడు. అన్నాడు. ఆ మాట నా చెవిలో ఇంకా ఉంది. వద్దులే, వచ్చి ఆయనే తెలుసుకుంటాడు, తెలిసినవాళ్ళను అడగాలని బుద్ధి వస్తుంది అన్నాను. అని, కొంగు సర్దుకుని, వచ్చిన దారినే ఇంటికి పోయి, దశమి కాబట్టి ఒక్కపూట భోజనం, మజ్జిగన్నం, ఉప్పులో ఊరిన మిరపకాయ, తిన్నాను. కడుపు నిండా తిన్నాను. మధ్యాహ్నం నిద్ర కూడా పట్టింది.

ఇవాళ పొద్దున సావుకారు వచ్చి గోదాము తెరిచి, బస్తాలు బయట వేయించి, నేను ఇట్లా చేతులు ముడుచుకుని కూర్చోవడం చూసి, ఏమమ్మా ఒంట్లో బాగాలేదా అన్నాడు. చెప్పాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నిన్న కాదా అన్నాడు. కాదు అన్నాను. అయితే మొన్న ముద్దలు ఇయ్యలేదా అన్నాడు. ఎట్లా ఇస్తాను, నవమి నాడు ఎవరైనా ఇస్తారా అన్నాను. నా గొంతులో అప్పటికీ పొగరే ఉంది, పంతులమ్మ పొగరు. ఆయన గీతకు అవతలి జనాన్ని చూశాడు, నన్ను చూశాడు, దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడని ఊరికే అనలేదు అని గొణుక్కుని, బొరుగులైనా తెస్తానని బజారుకు పోయాడు. బొరుగులు ఎక్కడ దొరుకుతాయి. ప్రత్యేక రాష్ట్రం గొడవల్లో అంగళ్ళు మూతపడి ఉన్నాయి, సర్కారు ఆఫీసుల వాళ్ళు సమ్మెలో ఉన్నారు, తాసీల్దారు దగ్గరికి పోదామన్నా కుర్చీ ఉంది గానీ మనిషి లేడు. ఆయన పోయి గంట దాటింది. ఆయన వస్తే నేను లేవనక్కరలేదు. అందుకే గేటు వైపు చూస్తున్నాను. వీళ్ళూ గేటు వైపే చూస్తున్నారు.

ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. మాఘం ఇంకా పోలేదు, చైత్రం వచ్చినట్టుంది. మూడో ఏడు ఇది, వానలు లేక. హాలహర్వి అవతల నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ, ఎద్దుల్ని ఎంతకో అంతకు కసాయి వాళ్ళకు తోలి, తలుపులకు ముళ్ళకంప అడ్డం పెట్టి, సిరుగుప్ప కాలువ కింద వరి కోతలకు పోయారు, కాలువకూ నీళ్ళు రాలేదు, అక్కడివాళ్ళు పొమ్మన్నారు, వెనక్కు ఊరికి పోలేక ఆదోని దారి పట్టారు. పత్తి రాక మూతపడిన ఈ ఫ్యాక్టరీ దొడ్లో ఎవరు ముందు దిగారో, గోనె పట్టాలు కట్టుకుని ఉండిపోయారు. ఊరి సావుకార్లంతా కమిటీ అయి గంజి పోస్తామన్నారు. ఎక్కడో పైదేశం వాళ్ళు పంపిన నూకలు రైలులో వచ్చాయి. ఆకలికి కులం లేదంటారు, ఆ మాట అన్నవాడు ఎప్పుడూ కడుపునిండా తిన్నవాడే. మొదటి మూడు రోజులు ఎవరో వంటవాణ్ణి పెడితే ఎనిమిది ఎకరాల రెడ్డిగారి తల్లి ముట్టలేదట, లింగాయతుల వాళ్ళు ముట్టలేదట, కళ్ళు తిరిగి పడ్డారు గానీ ముట్టలేదు. అందరూ తినాలంటే వండేది మా వాళ్ళు కావాలి. ఎమ్మిగనూరులో తమ్ముడి ఇంట్లో ఒక మడి ఆడమనిషి ఉంది, గుండు గీయించుకుని నలభై ఏళ్ళయింది, నిష్ఠ గల మనిషి అని సావుకారుకు ఎవరో చెప్పారు. తమ్ముడు సందేహించాడు, ఊరు కాని ఊళ్ళో నువ్వెట్లా అక్కా అన్నాడు. నేను ఆ రాత్రే నా చెంబు, నా రెండు బట్టలు మూట కట్టాను. నిజం ఒప్పుకోవాలి, పుణ్యం కోసం రాలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నన్ను ఎవరో రమ్మన్నారు.

వచ్చి ఏం చేశాను. సున్నంతో గీత గీశాను. గుండిగ ఎవరూ తాకకూడదన్నాను. రెండో వారంలోనో మూడో వారంలోనో ఈరమ్మ, వాళ్ళ ఊళ్ళో వెలివాడ మనిషి, చూపు మందం, వరసలో వెనుకనుంచి తోస్తే గీత దాటి పడి చెయ్యి గుండిగ అంచుకు తగిలింది. చెయ్యి కాలింది. నేను చెయ్యి చూడలేదు, గుండిగ చూశాను. సగం గుండిగ గంజి ఉంది. పారబోయించాను. గిడ్డయ్య చేత ఆ చివర కుడితి తొట్టిలో పోయించి, బూడిదతో తోమించి, మళ్ళీ స్నానం చేసి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వచ్చి చూస్తే తొట్టి ఖాళీగా ఉంది, గోడలు నాకినట్టు శుభ్రంగా ఉంది. దొడ్లో పశువులు లేవు. ఆ సంగతి నాకు తెలుసు, అయినా ఏ పశువు తిన్నదో అనుకుని ఎసరు పెట్టాను. మనసుకు అబద్ధం చెప్పడం ఎంత సులువో, దానికి పెద్ద సామర్థ్యం అక్కరలేదు.

లేదు, నేను అంత చెడ్డదాన్ని కాను. ఏకాదశి ఒక్కరోజు. నేను నలభై ఏళ్ళుగా నెలకు రెండు రోజులు, నీళ్ళు కూడా ముట్టకుండా ఉంటున్నాను, చచ్చానా? ఇదే మాట పొద్దున్నుంచి నాకు నేను చెప్పుకుంటున్నాను, చెప్పుకుంటుంటే మా అవ్వ గొంతులాగా వినిపిస్తోంది. అవ్వ అలివేలమ్మ, తాతకు భార్య, ఆవిడా మడి మనిషే. ఏకాదశి నాడు లోకంలోని పాపాలన్నీ అన్నంలో దాక్కుంటాయి పాపా, తిన్నవాళ్ళకూ అంటుకుంటాయి, పెట్టినవాళ్ళకూ అంటుకుంటాయి అనేది. పదకొండో ఏట నాకు తల గీయించారు. మొగుడి మొహం గుర్తు లేదు, మంగలి నరసన్న కత్తి నూరిన చప్పుడు గుర్తుంది. ఆ తర్వాత వచ్చిన మొదటి ఏకాదశి ఎండాకాలం. పగలంతా ఓర్చుకున్నాను, పొద్దు వాలేసరికి కడుపులో పేగులు పిండుతున్నట్టు ఉంది, ఏడ్చాను, అవ్వ వంటింటికి గొళ్ళెం పెట్టి గడపలో కూర్చుని జపమాల తిప్పుతూ, ఆకలి పాపం కాల్చే నిప్పు, ఓర్చుకో, ఒక్కరోజుకు ఎవరూ చావరు అంది. ఏడుస్తూ పెరట్లోకి పోయి పశువుల కొట్టంలో పడుకున్నాను. లక్ష్మక్క పేడ ఎత్తుతోంది. బోయవాళ్ళ మనిషి, మా ఇంట్లో ఏడాది జీతానికి ఉండేది, ఇంటి లోపలికి ఎప్పుడూ వచ్చింది లేదు, నన్ను తాకింది లేదు. చేతులు గడ్డికి తుడుచుకుని, ఒడిలోంచి తన జొన్నరొట్టె తీసి, సగం విరిచి, నా పక్కన గడ్డి మీద పెట్టింది. పెట్టి, అటు తిరిగి, గోడ వైపు చూస్తూ చెప్పింది.

"తిను పాపా. దేముడు అటు తిరిగినాడు."

తిన్నాను. ఆ రొట్టె ఎండిపోయి ఉంది, పేడ వాసన వేసింది, దాని రుచి ఇన్నేళ్ళలో ఏ తద్దినం భోజనంలోనూ నాకు దొరకలేదు. ఎవరికీ చెప్పలేదు. అవ్వకు చెప్పలేదు, తమ్ముడికి చెప్పలేదు, మఠంలోని మూలరాముడికి చెప్పలేదు, ఆయనకు తెలిసే ఉంటుంది. నిష్ఠ గల మనిషి అని సావుకారుకు చెప్పినవాళ్ళకు ఏం తెలుసు. నాకు తెలిసిన ఆకలి ఆ ఒక్క సాయంత్రమే. ఆ తర్వాతవన్నీ ఏకాదశులు, మరునాడు తెల్లవారుజామునే తులసి తీర్థం తాగి, వేడి అన్నం, అవిసాకు పులుసు వస్తాయని తెలిసిన ఏకాదశులు. రేపు వస్తుందని తెలిస్తే దాన్ని ఆకలి అనకూడదేమో. వీళ్ళకు రేపు సంగతి ఎవరు చెప్పారు. నేను చెప్పానా.

హులిగమ్మ కూతురు ఇవాళ ఏడవడం లేదు. వరసలో ముందే కూర్చుంది హులిగమ్మ, ఉచ్చీరప్ప కోడలు, ఇరవై కూడా ఉండవు, మొగుడు గుంటూరు వైపు కూలికి పోయాడు, ఉత్తరం ముక్క లేదు. ఒడిలో కొంగు కప్పి పిల్లను పెట్టుకుంది. పక్కన ఈరమ్మ కూర్చుని, కాలిన మచ్చ ఉన్న చేత్తో ఈగలు తోలుతోంది. ఆ పిల్ల రోజూ పొయ్యి వెలిగించేసరికి మొదలుపెట్టేది, సన్నగా, పిల్లికూన గొంతు, దాన్ని విని నేను కట్టె ఎక్కువ తోసేదాన్ని. తల్లికి పాలు ఇంకిపోయాయి. గంజి మీద తేటను మొదట వంచి, చల్లార్చి, చెంబులో హులిగమ్మకు దూరం నుంచి పోసేదాన్ని, గుడ్డ పీలిక ముంచి పిల్ల నోట్లో పెట్టేది. నాలుగు నెలల పిల్ల, ఇంకా పేరు పెట్టలేదు, వాన పడినాక ఊరికి పోయి పెడతామన్నారు. ఒకరోజు నా వైపు చూసి నవ్వింది. పిల్లలు ఊరికే నవ్వుతారు, గోడను చూసీ నవ్వుతారు, అయినా ఆ రోజు గంజిలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఇవాళ పడుకుంది. మంచిదే, పడుకోనీ, మెలకువ వస్తే ఆ ఏడుపు వింటూ నేను ఇట్లా కూర్చోలేను. ఇంత నిద్ర ఎట్లా పట్టిందో.

ఈ మధ్యనే, పదిహేను రోజులు కాలేదు, పొద్దున్నే ఒక ముసలమ్మ చనిపోయింది, గోనెపట్టా కింద, ఆ మూల. చావు ఉన్న చోట వండకూడదు. మైల. నేను వెళ్ళి మళ్ళీ స్నానం చేసి, శవం గేటు దాటిందని గిడ్డయ్య వచ్చి చెప్పేదాకా రైలు గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చున్నాను. ఆ రోజు గంజి పోసేసరికి సాయంత్రమైంది. వీళ్ళు ఏమీ అనరు, అదే నాకు భయం, వాళ్ళ చేతుల్లోంచి వచ్చిన గింజలనే లోకం తిన్నది, ఇప్పుడు గిన్నె పట్టుకుని కూర్చుని, కళ్ళు దించుకుని, మా ఆచారాలన్నీ వాళ్ళే జాగ్రత్తగా చూసుకుంటున్నారు. ఎప్పుడు గీత అవతల నిలబడాలో, ఎప్పుడు దగ్గకూడదో, అన్నీ నేర్చుకున్నారు.

ఉచ్చీరప్ప లేచాడు. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు కళ్ళంలో పది పల్లాల జొన్న కొలుచుకున్నానని చెబుతాడు. కట్టె ఊతగా గీత దాకా వచ్చి, అక్కడే ఆగి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను గేటు వైపే చూస్తున్నాను. గేటులో ఎవరూ లేరు.

"అమ్మా, ఈ పొద్దు నీది ఏకాదశంట గదా. గిడ్డయ్య సెప్పినాడు. నువ్వేమీ కష్టపడొద్దు తల్లీ. నిన్న సావుకారిది మేమూ ఉంటిమి, ఈ పొద్దు నీది గూడా ఉంటాములే, పున్నెం యాడికి పోతాది. ఊరికే ఒక్క మాట సెప్పు. పొయ్యి ముట్టిస్తావా, ముట్టియ్యవా. లేదంటే మాకు రవ్వంత పని ఉంది, లేసిపోయి సూసుకుంటాము."

ఎగతాళి కాదు. ఎగతాళి అయితే బాగుండేది, నాలుగు మాటలు అని తేలికపడేదాన్ని. ఆ మొహంలో మర్యాద తప్ప ఏమీ లేదు, ఇంటికి వచ్చిన చుట్టం, వంట కాలేదంటే మాకు ఆకలి లేదులే అన్నట్టు. నిన్న సావుకారు పుణ్యం మోశారు, ఇవాళ నా పుణ్యం మోస్తారట. పని ఉందంటాడు, రెండు రోజులు తినని వాళ్ళకు ఏం పని, ఎక్కడికి పోయి ఏం చేస్తారు. ఒక్కరోజుకు ఎవరూ చావరు అని నోటిదాకా వచ్చింది, అది అవ్వ మాట. నా మాట ఏది. నాకంటూ ఒక మాట ఉందా. పాపం అన్నంలో దాక్కుంటుందట, దాక్కోనీ, రెండు వందల గిన్నెల్లో పడేది అంతా నాకే అంటుకోనీ, అంత మోయలేనా, పదకొండో ఏటనుంచి మోస్తూనే ఉన్నాను గదా ఆ సగం రొట్టెను. లేచాను. కళ్ళు చీకట్లు కమ్మాయి, నీళ్ళు తాగలేదు కదా, పొయ్యిరాయి పట్టుకుని నిలబడ్డాను. ముట్టిస్తానప్పా, కూర్చోండి అన్నాను. ఉచ్చీరప్ప వెంటనే సంతోషపడలేదు. వెనక్కు తిరిగి హులిగమ్మ వైపు చూశాడు, హులిగమ్మ తల ఊపింది, అప్పుడు తలగుడ్డ చుట్టుకున్నాడు. మళ్ళీ కూర్చున్నారు.

మొదటి పుల్ల ఆరిపోయింది. రెండోది పత్తికట్టెకు అంటుకుంది, ఎండిన కట్టె, భగ్గుమంది. గుండిగ ఎత్తి పెట్టడానికి రోజూ గిడ్డయ్య అటుపక్క దూరంగా నిలబడి తాడు పట్టేవాడు, ఇవాళ తాడు కోసం చూడలేదు, ఇద్దరం చేతులతోనే ఎత్తాం. నీళ్ళు, ఉప్పు, ఎసరు కాగేదాకా నిలబడే ఉన్నాను. దశమి నాడు నవ్వినదాన్ని ఏకాదశి నాడు వండుతున్నాను, అవ్వా, చూడకు, అటు తిరుగు. నూకలు పోస్తుంటే ఆవిరి మొహానికి కొట్టింది, ఆ వాసనకు నా కడుపు కూడా పిండింది, నోట్లో నీరూరింది, ఏకాదశి నాడు నాకు. జనం దగ్గరికి జరిగారు. గరిటెతో తిప్పుతూ చెవి అటే పెట్టాను, పొయ్యి వెలిగింది గదా, కట్టె చిటపటలాడింది గదా, ఇప్పుడు మొదలుపెట్టాలి ఆ పిల్ల, ఈ వాసనకైనా లేవాలి. లేవలేదు. ఎంత అలిసిపోయిందో, రెండు రోజులాయె, ఏడ్చేందుకూ బలం ఉండాలి.

తేట కోసం ఆగలేదు, గంజి పలుచగా ఉన్నప్పుడే వరస పిలిచాను. ముందు హులిగమ్మ. కొంగు కిందినుంచి ఒక చెయ్యి బయటకు తీసి గిన్నె పట్టుకుంది, ఒక గరిటె పోశాను, ఇంకొకటి పోశాను, కింద అడుగున చిక్కటిది తీసి ఇంకొకటి పోశాను. తిను, పాలు పడతాయి అన్నాను. ఆ పిల్ల, అంటే హులిగమ్మ, అదీ పిల్లే, గిన్నె వైపు చూస్తూ అక్కడే కూర్చుని తాగింది. నోరు కాలుతున్నా ఊదకుండా తాగింది. కళ్ళనుంచి నీళ్ళు గిన్నెలో పడుతున్నాయి, ఆవిరికేమో అనుకున్నాను. ఒక చేత్తో గిన్నె, ఒక చేత్తో ఒడి, గంజి ఒలికిపోతోంది. ఎందుకు తోచిందో నాకు, ఇవాళ ఎట్లాగూ అన్నీ పోయాయి అనిపించిందేమో, గరిటె గుండిగ మీద అడ్డంగా పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, గీత దాటాను. పిల్లను ఇట్లా ఇయ్యి, నేను పట్టుకుంటాను, నువ్వు నెమ్మదిగా తాగు అని రెండు చేతులూ చాపాను. నలభై ఏళ్ళలో మడిలో ఉండి ఎవరినీ ముట్టుకోలేదు. వరస అంతా కదలకుండా నిలబడిపోయింది. ఈరమ్మ ఈగలు తోలే చెయ్యి ఆగింది. హులిగమ్మ గిన్నె కింద పెట్టి, రెండు చేతులతో ఒడి గట్టిగా పట్టుకుని మామ వైపు చూసింది.

ఉచ్చీరప్ప నా కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"ముట్టుకోవద్దు తల్లీ. నిన్న మాపటేళ పోయింది బిడ్డ. మైల అంటే పొయ్యి ముట్టియ్యవని సెప్పలేదు. వీళ్ళంతా తాగినాంక తీసుకపోదామని ఉంటిమి."

నా చేతులు చాపినవి చాపినట్టే ఉన్నాయి. తీసుకోవడానికి నాకు తోచలేదు, వెనక్కు లాక్కోవడానికీ తోచలేదు. ఉచ్చీరప్ప చెప్పిన ఆ రవ్వంత పని ఏమిటో తెలిసింది. రాత్రంతా ఒడిలో పెట్టుకుని, పొద్దున్నే ఏమీ జరగనట్టు వచ్చి వరసలో కూర్చుని, ఏడవకుండా, నా మడి చెడకుండా కాపాడారు, అందరూ, ఈ రెండు వందల మందీ, ఒక్కరు నోరు జారలేదు. ఎవరు ముందు అనుకున్నారో ఈ మాట, ఈరమ్మా, ఉచ్చీరప్పా, ఆ తల్లేనా. రెడ్డిగారి తల్లి అదిగో, గిన్నె పట్టుకుని నిలబడే ఉంది, ఆవిడకూ తెలుసు. ఇయ్యి అన్నాను. హులిగమ్మ ఇయ్యలేదు. ఇయ్యమ్మా అన్నాను. కొంగు తీసి ఇచ్చింది. గట్టిగా చుట్టిన పాతగుడ్డ, లోపల ఏమీ లేనంత తేలిక. మొహం మీద ఎవరో విభూతి పెట్టారు. నా ఒళ్ళో పెట్టుకుని గీత మీదే కూర్చున్నాను, సున్నం తడిబట్టకు అంటుకుంది. వెనుక గంజి అడుగంటుతున్న వాసన వచ్చింది.

"ఈరమ్మా, గరిటె నువ్వు పట్టు" అన్నాను. ఈరమ్మ కదలలేదు, చూపు సరిగా ఆనని కళ్ళతో నా వైపు చూస్తూ, నేనా అమ్మా అంది. పట్టు, అడుగంటుతోంది అన్నాను. లేచి పోయింది. గుండిగ అంచు తగలకుండా గరిటె పట్టుకోవడానికి చూస్తోంది ఇంకా. రెడ్డిగారి తల్లి ఒక్క క్షణం ఆగి, గిన్నె చాపింది. వరస కదిలింది. గేటులో పాండురంగయ్య వస్తున్నాడు, భుజం మీద ఒక చిన్న బొరుగుల మూట, పొయ్యి పొగ చూసి నవ్వుతూ వస్తున్నాడు, ఆయనకు ఇంకా తెలియదు. నేను ఒళ్ళోకి చూశాను. పెదవుల దగ్గర గుడ్డ పీలిక ఎండి అంటుకుని ఉంది, వేలితో తడిపి తీశాను. నిన్న నేను నవ్వుకుంటూ ఇంటికి పోయి మజ్జిగన్నం తిన్న వేళకు ఇది బతికే ఉంది.